గంధంవారి వీధిలో స్పీడ్ బ్రేకర్

నేను ఒక స్పీడ్ బ్రేకర్‌ని. అంటే ఎవరికీ ఇష్టం లేకపోయినా అందరూ తలొగ్గే వస్తువుని. గోదావరి జిల్లాల్లో ఒక పట్నం, అందులో గంధంవారి వీధి. అక్కడ కూరల మార్కెట్ ఎదుట రోడ్డుకి అడ్డంగా నా పడక.

నా పుట్టుకకి కారణం ఒక ప్రమాదం. ఈ వీధిలో ఉండే రూతమ్మగారు సైకిలు మీద ఇంటింటికీ తిరిగి పసిపిల్లలకి టీకాలు వేసే నర్సు. ఒక ఉదయం ఆవిడ మార్కెట్ వైపు తిరుగుతుండగా, షామియానాలు వేసుకెళ్తున్న వ్యాను వెనక నుంచి గుద్దింది. నడుపుతున్నది టెంట్‌హౌస్ సత్తిబాబు. ఆవిడ ఎడమ కాలు విరిగింది. అతుక్కుంది గాని పొట్టిదైపోయింది. సైకిలెక్కడం అంతటితో ఆగింది.

సత్తిబాబు చెడ్డవాడు కాడు. పెళ్లివారు ఎదురుచూస్తున్నారన్న తొందర తప్ప ఆ ఉదయం అతని బుర్రలో ఇంకేమీ లేదు. ఆవిడని ఆసుపత్రిలో చేర్చి వచ్చి, ఎవరినీ అడక్కుండా సిమెంటూ కంకరా తెప్పించి, ఆవిడ పడ్డచోటే నన్ను పోయించాడు. కాస్త వాలుగా పోద్దామని మేస్త్రీ అంటే ఒప్పుకోలేదు. "ఎత్తుగానే పొయ్యి. ఎక్కినోడికి ఒళ్లు కదిలిపోవాలి" అన్నాడు.

నా దాకా పరుగు, నా మీద వినయం, దాటగానే మళ్లీ పరుగు. నా దగ్గర మనుషులు నేర్చుకున్నది ఇంతే. ఆటోలో వెళ్లే నిండుచూలాళ్లు పొట్ట పట్టుకునేవారు. సైకిళ్లవాళ్ల పళ్లు టకటకమనేవి. ఎవరి కోసం నన్ను పోశారో, వాళ్లకే నా దెబ్బ గట్టిగా తగిలేది. రూతమ్మగారు అవతలికి దాటాలని కర్ర ఆనించుకుని నా పక్కన చాలాసేపు నిలబడేవారు. బళ్లు నెమ్మదించేవి గాని ఆగేవి కావు.

కొన్నేళ్లకి పద్మలీలగారని కొత్త ప్లానింగ్ ఆఫీసరు వచ్చారు. బళ్లదారి సన్నం చేసి, రెండు పక్కలా ఫుట్‌పాత్, సైకిళ్లకి విడిగా దారి వేయిస్తామన్నారు. దుకాణాలవాళ్ల గుండెల్లో రాయి పడింది. అందరూ నా పక్కనే గుమిగూడారు. వాళ్ల సంఘానికి పెద్ద సత్తిబాబే.

"రోడ్డు తగ్గించేత్తే మా బేరాలేం కావాలండి? అయినా ఈ ఈధిలో నడిచేవోళ్లెవరండి, మేడంగారూ?"

ఆవిడ జవాబు చెప్పేలోపు రూతమ్మగారు ముందుకొచ్చారు.

"నేనున్నాను కదా, సత్తిబాబూ."

అతను తల దించుకున్నాడు. "మీకోసమే కదండి సిస్టర్‌గారూ, ఇది పోయించాను."

"పోయించావు, వెళ్లిపోయావు. ఓసారి నాతో అవతలికి రా. అల్లం కొనుక్కోవాలి."

వెళ్లక తప్పలేదు. ఇద్దరూ నా అంచున నిలబడ్డారు. సత్తిబాబు చెయ్యెత్తాడు. ఎవరూ పట్టించుకోలేదు. రెండడుగులు వేశారో లేదో, ఒక కారు కర్రని రాసుకుంటూ పోయింది. అతను ఆవిడని వెనక్కి లాగాడు. కర్ర కొన నా మీదే ఉంది. దాన్ని ఆవిడతో పాటు సత్తిబాబూ గట్టిగా పట్టుకున్నాడు.

"రోజూ ఇలాగేనా అండి?"

"భయమేసిన రోజు అల్లం లేకుండానే వండుకుంటాను."

అతను పద్మలీలగారి దగ్గరికి వెళ్లి, "మా కొట్టు దగ్గర్నుంచే మొదలెట్టండి" అన్నాడు. కొందరు అతన్ని తిట్టుకున్నారు. ఇప్పటికీ తిట్టుకుంటున్నారు.

నన్ను పగలగొట్టేస్తారనుకున్నాను. వెడల్పు చేశారు. వీపు చదును చేసి, రెండు వైపులా వాలు పెట్టి, ఫుట్‌పాత్ ఎత్తుకి కలిపేశారు. ఇప్పుడు నడిచేవాళ్లు కిందికి దిగక్కర్లేదు, బళ్లే మెల్లగా పైకెక్కి దిగాలి. సైకిళ్లు తమ దారిన కుదుపు లేకుండా పోతాయి. ఇన్నాళ్లూ చక్రాలే తెలిసిన నాకు పాదాల బరువు కొత్తగా ఉంది. చాలా తేలిక.

మొన్నొక ఉదయం రూతమ్మగారు నా మీదుగా వెళ్తుంటే, సరిగ్గా రోడ్డు మధ్యలో ఒకావిడ ఎదురై పలకరించింది. ఎప్పుడో రూతమ్మగారి చేత టీకా వేయించుకున్న పిల్ల, ఇప్పుడు తల్లి. రూతమ్మగారు అక్కడే ఆగి, చంటిబిడ్డ బుగ్గ పట్టుకుని కబుర్లలో పడ్డారు. అటూ ఇటూ బళ్లు ఆగాయి. అన్నిటికంటే ముందు సత్తిబాబు వ్యాను, వెనక కుర్చీల దొంతరలతో. అతని చెయ్యి హారన్ మీదికి వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది.

ఇంజను ఆపేసి కూర్చున్నాడు.