నోట్లో పిల్లలున్న చేప

“నీ ఫొటోల పిచ్చితో నువ్వే చంపావన్నయ్యా!” చెల్లెలు అక్వేరియం ముందు నిలబడి విరుచుకుపడింది.

ఫొటోలో నీడలు పడుతున్నాయని అంతకుముందే అన్నయ్య తొట్టిలోని రాళ్లన్నీ తీసేశాడు. కెమెరాను అద్దానికి ఆనించి ఫ్లాష్ కొట్టాడు. తిండి మానేసి పిల్లల్ని నోట్లో దాచుకున్న చెల్లెలి సిక్లిడ్ తల్లిచేప బెదిరిపోయి కొన్నింటిని బయటికి ఉమ్మేసింది. మగచేప వచ్చి వాటిని గుటుక్కున మింగేసింది.

“చీమంత చేపపిల్లలకి ఇంత రాద్ధాంతమా తల్లీ? ఫొటో చూడు, రంగులు ఎలా వచ్చాయో!”

“నీ రంగులు తగలెయ్యా! తల్లిచేప గొంతు కింద ఉబ్బు చూడు, ఇంకా కొన్ని లోపలే ఉన్నాయి. ఇంకోసారి బెదిరితే అవీ పోతాయి. మాటలాపి లైటు ఆర్పు. వల తీసుకుని ఆ మగచేపను బకెట్‌లోకి మార్చు. ఇప్పుడే, నా కళ్లముందే!”