లూకా గారి ఎడమచెయ్యి

బేరమాడటంలో నన్ను మించినవాడు మా సంగం జాగర్లమూడిలో పుట్టలేదని మా నాన్న అంటుండేవాడు. అది మెప్పో దెప్పో ఆయన ఎప్పుడూ తేల్చి చెప్పలేదు. నేను మాత్రం మెప్పుగానే తీసుకున్నాను. వంకాయల దగ్గర్నుంచి చేతివాచీ దాకా, చెప్పిన ధరకి కొన్న వస్తువు మా ఇంట్లో లేదు. అలాంటివాణ్ణి, 1969లో రేపల్లెలో ఒక గిటారుని బేరమాడకుండా కొన్నాను. అమ్మిన మనిషి మొదట చెప్పిన ధరే అంత తక్కువ. బేరమాడే అవకాశం పోయిందని కాస్త బాధపడ్డాను కూడా.

అప్పుడు నేను బాపట్ల వ్యవసాయ కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్ని. వరి తెగుళ్లు చూడటానికి వెళ్లి రేపల్లె చుట్టుపక్కల పొలాల్లో నాలుగు రోజులు తిరిగాను. గట్టు మీద కాలికి గాజుపెంకు గుచ్చుకుంటే అక్కడి ఒక చిన్న మిషన్ ఆస్పత్రికి వెళ్లాను. కట్టు కట్టింది లూకా అనే కాంపౌండరు. యాభై ఏళ్లుంటాయి. నెమ్మదైన మనిషి. కట్టంతా కుడిచేత్తోనే కట్టాడు. ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుని, బ్యాండేజీ కొస నన్నే పట్టుకోమన్నాడు. బయట ఎక్కడో రేడియోలో గిటారు వినిపిస్తుంటే, నాకు అది నేర్చుకోవాలని ఎప్పటినుంచో ఉందన్నాను. తన దగ్గర ఒకటుందనీ, కావాలంటే తీసుకెళ్లమనీ ఆయన తలెత్తకుండానే అన్నాడు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య రిబ్కా మంచం కిందనుంచి ఒక నల్లటి పెట్టె లాగింది. లోపల తేనెరంగు గిటారు. పన్నెండేళ్ల కింద ఒక దొర డాక్టరు స్వదేశానికి పోతూ లూకా గారికి ఇచ్చి వెళ్లాడట. ఎనిమిదేళ్లు చర్చిలో వాయించాడు. నాలుగేళ్లుగా ముట్టుకోలేదు. ఎందుకు అమ్ముతున్నారని అడిగితే ఎడమచెయ్యి చాపి చూపించాడు. చూడటానికి అందులో ఏ లోపమూ లేదు.

"వేళ్లలో బలం పోయిందండి. తీగె నొక్కితే నొప్పి. ఎంత నొక్కినా పలకదు. మా నాన్నకీ ఇలాగే వేళ్లతోనే మొదలైంది. ఏడాదికి చెయ్యి పడిపోయింది, ఆ తర్వాత మనిషే పడిపోయాడు" అన్నాడు.

డాక్టరుగారికి చూపించకూడదా అన్నాను. చూపిస్తే దానికో పేరు పెడతారనీ, పేరు పెట్టాక ఇక ఎదురుచూడటం తప్ప ఏముంటుందనీ అన్నాడు. ఏ రోజు చేతిలోంచి సూది జారిపోతుందోనని భయపడి ఇంజెక్షన్లు మానేశాడట. అడిగి మరీ సీసాల్లో మందు పోసే పనికి మారాడు. ఇంట్లో నీళ్లు తోడేది కూడా రిబ్కాయేనని ఆవిడ చెప్పలేదుగానీ, పెరట్లో చేద పట్టుకున్న ఆవిణ్ణి, పక్కన నిలబడి చూస్తున్న ఆయన్నీ నేనే చూశాను. పాపం అనిపించింది. ఎంత చవగ్గా దొరికిందీ అని కూడా అనిపించింది. రెండూ ఒకేసారి కలిగాయి, దాచడమెందుకు.

పెట్టె పిడికి దారంతో కట్టిన ఒక చిన్న ఇనప పానా ఉంది. చివర గొట్టంలా బోలుగా ఉంది. ఇదేంటని అడిగితే పెట్టె తాళంచెవి అనుకుంటున్నామనీ, కానీ ఎప్పుడూ పట్టలేదనీ రిబ్కా చెప్పింది.

బాపట్లలో నెల్లాళ్లు ఆ గిటారుతో కుస్తీ పట్టాను. గిటారు మెడ మీది లోహపు మెట్లకి తీగెలు ఎక్కడో ఎత్తున ఉండేవి. నొక్కితే వేళ్లు కోసుకుపోయేవి. నా భార్య కనకదుర్గ దాన్ని కత్తిపీట అనేది. కూర తరగడానికైనా పనికొస్తుందేమో చూడమనేది. ముప్పై నాలుగేళ్ల వయసులో, పొలం పని చేసి పెరిగిన నా వేళ్లూ ఆ తీగెల్ని నొక్కలేకపోయాయి. తెలివున్నవాడైతే అక్కడే ఆగి ఆలోచించేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. నన్ను, పూర్ణచంద్రరావుని, ఒక కాంపౌండరు మోసం చేశాడనుకున్నాను.

కనకదుర్గది తెనాలి. చిన్నప్పుడు సుందరరామయ్య గారి దగ్గర వీణ నేర్చుకుంది. వీణ చెప్పడమే కాదు, వీణకి మెట్లు కూర్చడంలో కూడా ఆయన చెయ్యి పెట్టింది పేరు. ఒక ఆదివారం పొద్దున పాసింజరెక్కి ముగ్గురం వెళ్లాం, గిటారుతో కలిపి.

డెబ్భై దాటిన మనిషి. గిటారుని ముట్టుకునే ముందు చెయ్యి కడుక్కుని వచ్చారు. ఒళ్లో పెట్టుకుని అంతా తడిమి చూసి, రోగం మెట్లలో ఉందన్నారు. వీణకి మెట్లు మైనంలో కూర్చి ఉంటాయి. శ్రుతి తప్పితే ఇనప చువ్వ వేడిచేసి, మైనం కరిగించి, మెట్టు సరిచేసి కూర్చుతారు. నలభై ఏళ్లుగా ఆయన చేస్తున్న పని అదే. గిటారుకీ అంతేననుకుని కుంపట్లో చువ్వ కాల్చి మెట్టు పక్కన ఆనించారు. మైనం కరగలేదు. వార్నీషు కమురు వాసన వచ్చింది, కర్ర మీద వేలిగోరంత నల్లటి మచ్చ పడింది. ఆయన చువ్వ తీసేసి మచ్చని బొటనవేలితో తుడిచి చూశారు. ఎరగని వస్తువు మీద ఎరిగినవాడిలా చెయ్యి వేశాను, తప్పు నాదేనని చెప్పారు. ఆయన అలా అనేసరికి, కసురుకోవడానికి సిద్ధంగా ఉన్న నేను కుంపటి పక్కకి జరిపాను.

తర్వాత గిటారుని తుపాకిలా కంటి దగ్గర పెట్టుకుని, ఒక కన్ను మూసి కొసదాకా చూశారు. నన్నూ చూడమన్నారు. తిన్నగా ఉండాల్సిన మెడ కర్ర మధ్యలో పల్లంగా వంగి ఉంది. తీగెని ఈ చివరా ఆ చివరా నొక్కి పట్టుకుని, నా జేబులోని తిరుగు ప్రయాణం రైలు టిక్కెట్టు మధ్యలో దూర్చమన్నారు. ఆ దళసరి అట్టముక్క తీగె కింద దూరి, ఇంకా అటూ ఇటూ ఆడింది.

"మెట్లు కాదు నాయనా, దండే వంగింది. దీన్ని ఎవరి శ్రుతికి బిగించారు?" అని అడిగారు. శ్రుతిపెట్టెతో సరిచూస్తే, ఉండాల్సినదానికంటే బాగా పైన ఉందట.

అప్పుడు గుర్తొచ్చింది. చర్చిలో హార్మోనియం హెచ్చు శ్రుతిలో వాయిస్తారనీ, దానికి అందుకోవడానికి గిటారు తీగెల్ని బిగించేవాణ్ణనీ లూకా గారు ఆ సాయంత్రం చెప్పాడు. హార్మోనియాన్ని తగ్గమని అడగటం ఆయనకి తోచలేదు. ఎనిమిదేళ్లు తీగెలు లాగాయి, ఎనిమిదేళ్లు కర్ర వంగింది. ఆ పైన నాలుగేళ్లు పెట్టెలో కూడా అలాగే బిగించి ఉండిపోయింది.

వంగిన దండికి మందు లేదని సుందరరామయ్య గారు గిటారు కింద పెట్టేశారు. వీణకైతే దండి మార్చాల్సిందే. నేను లేవబోయాను. కనకదుర్గ మాత్రం కూర్చునే ఉంది. గిటారు తల దగ్గర ఉన్న చిన్న నల్లటి రేకుని వేలితో తడుముతోంది.

"ఇది అలంకారానికైతే దీనికి మూడు మరలెందుకండి మాస్టారూ?" అంది.

మరలు తీశాం. రేకు కింద కర్రలో చిన్న గుంట, గుంటలో ఇత్తడి నట్టు. నట్టులోంచి కర్రలోకి పోతున్న ఇనప చువ్వ కొస. నేను పెట్టె వైపు చూశాను. నాకంటే ముందే కనకదుర్గ దారం తెంపి ఆ తాళంచెవిని తెచ్చింది. అది నట్టుకి అమిరిపోయింది.

తీగెలు వదులు చేశాం. సుందరరామయ్య గారు ఊపిరి బిగబట్టి పానాని పావు చుట్టు తిప్పారు. మళ్లీ తీగెలు బిగించి చూస్తే టిక్కెట్టు ఇంకా వదులుగా ఆడింది. ఎదురు తిప్పామన్నమాట. వెనక్కి తిప్పి, అటువైపు ఇంకో పావు చుట్టు. కర్ర లోపల ఎక్కడో చిటుక్కుమంది. టిక్కెట్టు పెట్టి చూశాం. ఈసారి కాస్త పట్టుకుని కదిలింది. కళ్లెదుట, పావు చుట్టుకి, పన్నెండేళ్ల వంపు వెనక్కి తిరగడం మొదలుపెట్టింది.

ఆయన పానా తీసి పక్కన పెట్టారు. ఈ పూటకి చాలన్నారు. కర్రకి మనం చెప్పాం, అది వినడానికి టైమివ్వాలన్నారు. తర్వాత భుజం మీద కండువా తీసి నడుముకి చుట్టుకుని, గిటారుకి రెండు చేతులూ జోడించారు.

"ఎవడో మహానుభావుడు. ఈ కర్ర ఒకరోజు వంగుతుందని ముందే తెలుసుకున్నాడు. వంగిన రోజున ఏం చెయ్యాలో కూడా దాని కడుపులోనే పెట్టి పంపాడు. నలభై ఏళ్లు దండులు మార్చానుగానీ నాకీ ఆలోచన రాలేదు."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. సముద్రాలు దాటి ఎక్కడో తయారైన ఆ కర్రలో, ఎవరూ తెరిచి చూడని చోట, ఒక చువ్వ ఇన్నేళ్లుగా ఒక్క చుట్టు కోసం కాచుకుని ఉంది. తాళంచెవి ఇన్నాళ్లూ పెట్టె పిడికే వేలాడింది. దాన్ని చేత్తో పట్టుకుని తిరిగిన మనిషి, తన చెయ్యే చచ్చిపోయిందనుకుంటున్నాడు.

ఇంకో రెండు ఆదివారాలు వెళ్లాం. వెళ్లినప్పుడల్లా పావు చుట్టు. మూడో ఆదివారం టిక్కెట్టు అసలు దూరలేదు, పోస్టుకార్డు మాత్రం దూరింది. తీగెలు మెట్ల మీదకి దిగొచ్చాయి. చిటికెనవేలితో ముట్టుకుంటే చాలు, స్వరం పలికింది. నా వేళ్లకి కూడా.

ఇక నా నీచత్వం చెప్పాలి. గిటారు బాగుపడిన తర్వాత రెండు వారాలు నేను రేపల్లె వెళ్లలేదు. ఉత్తరమైనా రాయలేదు. చెబితే గిటారు ఇచ్చేయాల్సి వస్తుందని నాకు తెలుసు. చవగ్గా కొన్నదాని విలువ వందింతలైంది, అందులో నా కష్టం కూడా ఉందని నాకు నేనే వాదించుకున్నాను. రోజూ సాయంత్రం వాయించేవాణ్ణి. స్వరం ఎంత తేలిగ్గా పలికితే, మందు సీసాల ముందు ఒళ్లో చెయ్యి పెట్టుకుని కూర్చున్న మనిషి అంత స్పష్టంగా కనిపించేవాడు. కనకదుర్గ దాన్ని కత్తిపీట అనడం కూడా మానేసింది. చివరికి ఒక శనివారం తనే గిటారుని పెట్టెలో సర్ది గుమ్మం దగ్గర పెట్టింది.

తెనాలిలో బండి మారి మధ్యాహ్నానికి రేపల్లెలో దిగాను. లూకా గారు గిటారు పెట్టె చూసి, తిరిగి ఇచ్చేయడానికి తెచ్చాననుకున్నాడు. దాంట్లో లోపమేమీ లేదు కదండీ అన్నాడు. నేను మంచం మీద కూర్చుని అంతా చెప్పాను. వంగిన కర్ర, హార్మోనియం, చువ్వ, తాళంచెవి కాని తాళంచెవి. మెట్టు పక్కన మచ్చ ఎలా పడిందో కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని తల అడ్డంగా ఊపాడు. నన్ను ఓదార్చడానికి ఇంతదూరం వచ్చారు, సంతోషమండి అన్నాడు. నాలుగేళ్లుగా ఒళ్లో మోసిన చావుని అంత సులువుగా కింద పెట్టమంటే ఎవరు మాత్రం పెడతారు.

రిబ్కా గోడకి ఆనుకుని నిలబడి వింటోంది. గిటారు తీసుకొచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

"చేతకాకపోతే రేపట్నించి మళ్లీ అడగను. ఒక్కసారి పట్టుకోండి" అంది.

ఆయన ఎడమచెయ్యి పైకి తీసి, తీగె మీద వేలు పెట్టాడు. నొక్కడానికి బలమంతా కూడగట్టుకుంటున్నట్టు దవడలు బిగించాడు. ఆ బలం అక్కర్లేకపోయింది. స్వరం పలికింది. ఆయన ఉలిక్కిపడి వేలు తీసేశాడు. మళ్లీ పెట్టాడు. ఇంకో వేలు, ఇంకో వేలు. నాలుగేళ్లలో మర్చిపోయాననుకున్నవి వేళ్లకి జ్ఞాపకం వస్తున్నాయి. కాసేపటికి ఒక పాట మొదలైంది. చర్చి పాటేనేమో, నాకు తెలియదు. ఇన్నాళ్లూ నా చేతిలో ఉన్నది ఈ గిటారేనా అని భయం వేసింది. సంతోషం తర్వాత వచ్చింది, ముందు వచ్చింది భయమే. వీధిలో పోతున్న ఇద్దరు ఆగారు. ఎదురింటావిడ చేట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

పాట మధ్యలోనే ఆపేశాడు. గిటారు వైపు చూడలేదు. ఎడమచెయ్యి మొహం ముందు పెట్టుకుని, వేళ్లు ముడిచి, చాపి, మళ్లీ ముడిచాడు. అదే చెయ్యి. నాలుగేళ్ల కింద ఎలా ఉందో అలాగే ఉంది. వాళ్ల నాన్నకి వచ్చింది తనకి రాలేదు.

గిటారు ఇక్కడే ఉంటుందని చెప్పాను. ఆయన డబ్బు మాట ఎత్తబోతే వినిపించుకోలేదు. శ్రుతి మాత్రం పెంచొద్దన్నాను. మరి హార్మోనియం సంగతేంటండి అన్నాడు. దాన్నే దిగి రమ్మనండి అన్నాను. ఆయన నవ్వలేదు. అసలు విన్నాడో లేదో కూడా తెలియదు. లేచి పెరట్లోకి నడిచాడు.

నూతి గట్టు మీద చేద ఉంది. దాన్ని లోపలికి జారవిడిచి రెండు చేతులతో తాడు లాగడం మొదలుపెట్టాడు. గాబు నిండుగానే ఉందని రిబ్కా వెనకనుంచి చెప్పింది. ఆయన చేద పైకి తీసి గాబులో కుమ్మరించాడు. నీళ్లు పొర్లి గట్టు మీదకి, అక్కణ్ణుంచి అరటిపాదుల్లోకి పారాయి. మళ్లీ చేద వేశాడు. రిబ్కా గడప మీద కూర్చుని పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నా బండికి టైమైపోతోంది. అయినా ఆయన ఇంకెన్ని చేదలు తోడతాడో చూడాలని అక్కడే నిలబడ్డాను.