నిటారు

ఆ పొద్దు మబ్బులు నిడుగల్లు కొండ దిక్కు నుంచి వచ్చి తిరుమణి ఊరి మీద కాసేపు నిలబడి, చినుకు రాల్చకుండానే విడిపోయాయి. ఎండ నేరుగా సోలార్ పలకల మీద పడింది.

పలకలు కడిగే పనికి దాసప్ప ఆ రోజు పోలేదు. కూతురు ధనుశ్రీ కోసం బడికి వచ్చాడు. బెంగళూరు నుంచి ఆశ టీచర్ ఏడాదిగా శనివారాలు వచ్చి ఆడపిల్లలకు బ్యాలే నేర్పుతోంది. ఈ రోజు ఒక పిల్లను ఎంచి తన డ్యాన్స్ స్కూలుకు తీసుకుపోతుంది. చదువు, తిండి అక్కడే. ధనుశ్రీకి వారంగా నిద్ర లేదు.

గోడకు కట్టిన వెదురుబొంగు పట్టుకుని, మడమలు కలిపి, పిల్లలు మునివేళ్ళ మీద లేచారు. ధనుశ్రీ అందరికంటే నిటారుగా ఉంది.

"చూసినావా నా బిడ్డని?" అన్నాడు దాసప్ప, బడి బంట్రోతు ఎర్రిస్వామితో.

"మీ మేకలు తుమ్మకొమ్మకు అట్లే లేస్తాండె గదప్పా. మీ ఇంటి విద్యే."

ఆశ బొంగు వదిలేయమంది. "లేచేది చూసినాను. ఇప్పుడు నేల మీదికి దిగేది చూస్తాను. తల వేలాడదీసి, వెన్నులో ఒక్కో ఎముకనే వదులుతూ కిందికి రండి."

మిగతా పిల్లలు తడిగుడ్డల్లా వేలాడారు. ధనుశ్రీ వీపు మాత్రం నడుము దగ్గర నుంచి పలకలా వంగి, సగంలో ఆగింది. చేతులు మోకాళ్ళు దాటలేదు.

"పొద్దున ఆముదం రాసి తోమినా టీచరమ్మా. సోమరితనం అంతే. ఏయ్, వంగు!" అన్నాడు దాసప్ప.

"వంగతానే ఉండా నాయనా," అంది ధనుశ్రీ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆశ దగ్గరికి వచ్చి మెడ మీద చెయ్యి వేసింది. గడ్డం రొమ్ముకు ఆనించమంది. ఆనలేదు. చేతులు తల వెనక్కి పెట్టమంది. మోచేతులు ముందే నిలిచిపోయాయి.

"ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉందా?"

"మా యమ్మకుండాది. ముసిల్ది గదా," అన్నాడు దాసప్ప.

"నీళ్ళు ఎక్కడివి తాగుతారు?"

"మా బోరువి. భూమంతా సోలారు కంపెనీకిచ్చినా, బోరున్న మూల ఇయ్యలేదు. ఊళ్ళో ఫిల్టర్ నీళ్ళుండాయి గానీ రుచి యాడుంది? మనవి మనవే."

ఆ మాట దాసప్ప కొంచెం గర్వంగానే అన్నాడు.

ఆశ బెంచీ మీద కూర్చుంది. "ఇది నీళ్ళలో ఫ్లోరైడ్ పని లాగుంది. ఎముకలు బిగుసుకుపోతాయి. డాక్టరుకు చూపించాలి. నీళ్ళు మారిస్తే ఇంకా ముదరకపోవచ్చు. ఎముకకు పట్టింది మాత్రం..." అని ఆగింది. తర్వాత నెమ్మదిగా అంది: "ఏడాదంతా నేను మెచ్చుకున్న నిటారు ఇదే. ఒక్క రోజైనా వంగమనలేదు."

"బెంగళూరుకు?" అని అడిగింది ధనుశ్రీ.

ఆశ తల అడ్డంగా ఊపింది. పిల్లల్లో సవిత అనే అమ్మాయి పేరు చెప్పింది. అందరితో పాటు ధనుశ్రీ కూడా చప్పట్లు కొట్టింది.

దాసప్ప తల్లి మారెమ్మను కూడా చూస్తానని ఆశ వాళ్ళతో ఇంటికి నడిచింది. దారిలో దాసప్ప ఊరి ఫిల్టర్ దగ్గర ఆగి, పక్కింట్లో బిందె అడిగి తెచ్చుకుని నింపుకున్నాడు.

మారెమ్మ వాళ్ళ ముఖాలు చూసి సంగటి ముద్దలు, చెనక్కాయల చట్నీ వడ్డించింది. నలుగురూ నేల మీద కూర్చున్నారు. దాసప్ప, ఆశ పళ్ళేల మీదికి వంగారు. అవ్వా మనవరాలూ వంగకుండా పళ్ళేలు ఎత్తి రొమ్ము దగ్గర పట్టుకున్నారు. ఏళ్ళుగా వాళ్ళు అట్లే తింటున్నారు. దాసప్ప చెయ్యి ముద్దలోనే ఆగిపోయింది. తర్వాత అతను కూడా తిన్నాడు.