నారింజ రంగు కింద ఆకుపచ్చ

వర్న్ కావాలని అడగలేదు. చర్చి నేలమాళిగలో, ఈస్టర్‌కి ముందు లెంట్ ఉపవాసాల్లో శుక్రవారాలు పెట్టే చేపల భోజనం దగ్గర, పళ్లెంలో క్యాబేజీ కలుపుకుంటూ మామూలుగానే అడిగాడు.

"మీ అమ్మాయి బ్రిన్నాది ఏ కాలేజీ బావా? తేలిందా?"

వర్న్ రాండల్ చెల్లెలు డార్లీన్ మొగుడు. అతని కొడుకు సొంత రాష్ట్రపు పెద్ద యూనివర్సిటీలోనే చదువుతున్నాడు. ఆ యూనివర్సిటీ నారింజ రంగు స్టిక్కర్ లేని వస్తువు వర్న్ ఇంట్లో కుక్క ఒక్కటే.

"నార్త్ డకోటా అని ఏదో అంటోంది," అన్నాడు రాండల్.

"డకోటానా? చలికాలం వస్తే బాతులే అక్కడ ఉండలేక పారిపోతాయి. అయినా పరాయి రాష్ట్రం పిల్లలంటే రెండింతల ఫీజు గుంజుతారు. నీకేం ఖర్మ?"

బల్ల చుట్టూ నవ్వారు. నిజం చెప్పడానికి అదే సమయం. సొంత రాష్ట్రపు పెద్ద యూనివర్సిటీ తన తాహతుకు మించిందని, అప్పు చెయ్యొద్దంటూ పిల్లే చలికాలమంతా వెతికి, బయటివాళ్ళకీ లోపలివాళ్ళకీ ఒకే ఫీజు తీసుకునే ఆ కాలేజీని పట్టుకుందని చెప్పాల్సింది. ప్రవేశ పరీక్షలో ఇంకొక్క మార్కు తెచ్చుకుంటే స్కాలర్‌షిప్ ఇంకో మెట్టు పెరుగుతుందని కాలేజీవాళ్ళు ఫోన్‌లో చెబితే, మళ్ళీ కూర్చుని పరీక్ష రాసి మరీ తెచ్చుకుందని చెప్పాల్సింది. చెప్పాలంటే ముందు 'నా వల్ల కాదు' అనాలి. ఊళ్ళో సగం ఇళ్ళలో హీటర్లు బాగుచేసే మనిషికి ఆ మాట గొంతు దాటలేదు.

"అదేదో తమాషాకి అంది," అన్నాడు. "మీ వాడు చదివేచోటికే. స్కాలర్‌షిప్పు కూడా ఇచ్చారు."

అంతే. వచ్చే ఆదివారానికల్లా ఫాదర్ కూడా చెయ్యి పట్టుకుని అభినందించారు. రాండల్ ఇంట్లో మాత్రం నోరు విప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ రోజులు దొర్లించాడు. పిరికితనానికి పని ఒత్తిడి అని పేరు పెట్టుకున్నాడు.

మే మొదటి తేదీన బడి జిమ్‌లో పిల్లలంతా తాము చేరబోయే కాలేజీ స్వెట్‌షర్ట్ వేసుకుని, ఒక్కొక్కరే మైకు దగ్గరికొచ్చి పేరు చెబుతారు. బ్రిన్నా ఐస్‌క్రీమ్ బండి దగ్గర పనిచేసిన డబ్బుతో డకోటా కాలేజీ ఆకుపచ్చ స్వెట్‌షర్ట్ ముందే తెప్పించుకుంది. ఆ పొద్దున తల్లి ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళిపోయాక, రాండల్ కాఫీ తాగుతుంటే, పిల్ల మెట్లు దిగి వచ్చింది. ఒంటి మీద నారింజ రంగు.

"డార్లీన్ అత్త ఇచ్చింది," అంది. "నిన్న సాయంత్రం తెచ్చి, కావలించుకుని ఏడ్చింది కూడా."

రాండల్ కప్పులోకి చూశాడు.

"నేనేం కాదనలేదులే నాన్నా," అంది. "పద, ఆలస్యమవుతోంది."

ఒక్క తిట్టు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

జిమ్‌లో ఉక్కగా ఉంది. చుట్టాలంతా ఒకే వరుసలో కూర్చున్నారు. బ్రిన్నా వంతు వచ్చింది. ముఖం కందిపోయి, చెమటతో జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది. మైకు ముందు ఒక్క క్షణం తండ్రి కోసం వెతికి, పెద్ద యూనివర్సిటీ పేరు చెప్పింది. వర్న్ ఈల వేశాడు. అందరితోపాటు రాండల్ కూడా చప్పట్లు కొట్టాడు. తన చేతులు తనకే రోతగా ఉన్నాయి. పిల్ల కష్టపడి సంపాదించుకున్నదాన్ని, పిల్ల నోటితోనే లేదనిపించాడు.

బయట ట్రక్కులోకి ఎక్కగానే బ్రిన్నా ఆ నారింజ స్వెట్‌షర్ట్‌ను తల మీదుగా లాగేసింది. కింద ఆకుపచ్చది, చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"లోపల ఇది వేసుకున్నావా?"

"నాది నేను వేసుకోవాలిగా," అంది, అటు తిరిగి.

ఇంతలో వర్న్ ఫోన్ పట్టుకుని వచ్చి అద్దం మీద కొట్టాడు. "అమ్మాయ్, దిగు దిగు. మా వాడికి పంపాలి, ఒక్క ఫోటో."

బ్రిన్నా గబగబా నారింజదాన్ని అందుకుని దాని స్లీవ్‌లో చెయ్యి దూర్చబోయింది. ఆ తొందర చూసేసరికి రాండల్ సిగ్గుతో చచ్చిపోయాడు. తన అబద్ధాన్ని కాపు కాయడం పిల్లకు అప్పుడే అలవాటైపోయింది.

"వద్దమ్మా," అని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అద్దం దించాడు.

"ఇది డకోటాకే వెళ్తోంది బావా. స్కాలర్‌షిప్ నిజమే, అక్కడిది. ఇక్కడి ఫీజు నా వల్ల కాదు. మొదట్నుంచీ కాదు. నీకు అబద్ధం చెప్పాను."

వర్న్ ఆకుపచ్చ స్వెట్‌షర్ట్ వంక చూశాడు. ఏదో జోకు నోటిదాకా వచ్చినట్టే ఉంది, మింగేశాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, "ఇంటికెళ్ళాక డార్లీన్‌కి నేను చెబుతాలే," అని గొణిగి, రాండల్ ముఖంలోకి చూడకుండా వెళ్ళిపోయాడు.

రాండల్ చెవులు మండిపోతున్నాయి. ట్రక్కు స్టార్ట్ చేశాడు.

"మావయ్యకి కాదు నాన్నా," అంది బ్రిన్నా, కళ్ళు తుడుచుకుంటూ. "'నా వల్ల కాదు' అన్న ఆ మాట జనవరిలోనే నాకు చెప్పాల్సింది. డబ్బు చాలదని నేనే కనిపెట్టుకున్నాను."