చక్రాల ఇల్లు

వాన ఎప్పుడో వెలిసినా కప్పు ఇంకా కారుతూనే ఉంది. కెజియా ఒక చేత్తో గొడుగు పట్టుకుని, రెండో చేత్తో పెనం మీద మొక్కజొన్న రొట్టె తిరగేస్తోంది. గడ్డితో సహా పెళ్లగించిన మట్టిపెళ్లలు పేర్చి కట్టిన ఇల్లు అది. పెళ్లలు కోసిందీ ఆమే, పేర్చిందీ ఆమే. "నెబ్రాస్కా బీడులో నా చేతులతో కట్టుకున్న కొంప" అని ప్రతి ఎన్నికల్లోనూ చెప్పుకునేది మాత్రం ఆమె మొగుడు ఆసా థర్లో.

ఆసా కౌంటీ కమిషనరు. దున్నడం చేతకాదు, కోయడం చేతకాదు, నోరు మాత్రం పుష్కలం. అతని పెద్దరికమంతా చక్రాలు బిగించిన ఒక చెక్క ఇంటి మీదే నిలబడింది. కొత్తగా వచ్చినవాడికి సర్కారు ఉచితంగా ఇచ్చే భూమి దక్కాలంటే, తలుపూ కిటికీ ఉన్న ఇల్లు అందులో ఉందని సాక్షి ప్రమాణం చేయాలి. ఆసా ఎద్దులు కట్టించి ఆ ఇంటిని వాడి భూమిలోకి లాగించేవాడు. బైబిలు మీద చెయ్యి వేసి "ఇల్లుంది, కళ్లారా చూశాను" అనేవాడు. పని కాగానే ఇంకొకడి భూమికి తోలించేవాడు. బదులుగా వాళ్ల ఓట్లన్నీ ఇతనికే. ఇంత సిగ్గులేని మనిషిని ఆ బీడు మరొకణ్ణి చూడలేదు.

"ఏవయ్యా, ఈ ఒక్క చలికాలం ఆ చెక్కింట్లో ఉందామయ్యా. రాత్రి పైనుంచి పాము నా పక్కలోనే పడింది," అంది కెజియా.

"అది ఉండే ఇల్లు కాదే పిచ్చిదానా, గెలిచే ఇల్లు. ఈ ఎన్నికలు కానీ," అన్నాడు ఆసా గడ్డానికి నూనె రాసుకుంటూ.

"నీ ఎన్నికలు ఎప్పుడు అయ్యాయి గనక!"

అతను అప్పటికే గడప దాటాడు. లూథర్ పాస్క్ అనే కొత్తవాడి పొలానికి ఇంటిని తోలించాడు. వాడి పిల్లల తలలు నిమిరాడు, పీపా ఎక్కి ఉపన్యాసం దంచాడు. సాయంత్రం బురదకాళ్లతోనే కుర్చీలో కూలబడి కాఫీ అడిగాడు.

"ఇవాళ పాస్క్‌గాడు నన్ను చూసి ఏమన్నాడో తెలుసా..." అంటున్నాడు. కెజియా కాఫీ పోసి వెనక్కి తిరిగేసరికి కుర్చీలోనే ప్రాణం పోయింది. అతను మాట మధ్యలో ఆపడం ఆమె ఎరిగి అదే మొదటిసారి. ఏడుపు రాలేదు. రానందుకు సిగ్గూ పడలేదు. కాఫీ తనే తాగింది.

మర్నాడు గుట్టమీద పాతిపెట్టారు. "ఎందరికో నీడ చూపిన మనిషి" అన్నాడు పాదిరి. ఆ చెక్కింటి మీద భూములు దక్కించుకున్నవాళ్లు దగ్గారు. కెజియా అటునుంచి అటే ఎద్దుల్ని తోలుకుని పాస్క్ పొలానికి వెళ్లింది.

"అమ్మా, వచ్చేవారమే ప్రమాణం! సాక్షి ఇంకొకడు దొరుకుతాడు గానీ, ఇల్లు లేకపోతే నా భూమి పోతుంది. థర్లోగారు మాటిచ్చారు!" పాస్క్ లబోదిబోమన్నాడు.

"మాటిచ్చినాయన గుట్టమీద పడుకున్నాడు, వెళ్లి అడుగు. లేదూ, పార పట్టుకురా. పెళ్లలు కోయడం నేను నేర్పుతా. నీ ఇల్లు నువ్వు కట్టుకో, నిజమే చెప్పుకుందువు గాని."

చీకటి పడకముందే చెక్కిల్లు ఆమె వాకిట్లోకి వచ్చింది. గొడ్డలితో ఆమే చక్రాలు ఊడగొట్టింది. మట్టింట్లోంచి పక్కబట్టలు, పెనం, గిన్నెలు తెచ్చుకుని తలుపు వేసుకుంది.

అక్కడ మట్టింట్లో బల్లమీద, కప్పు కారే చోట, ఆసా ఉపన్యాసాలకు పెట్టుకునే పొడవాటి పట్టుటోపీ వెల్లకిలా ఉండిపోయింది, సగం దాకా మట్టినీళ్లతో.