తనిఖీ రోజు గొంతు

చిన్నకోడలు సంచి సర్దుతోంది. రెండు చీరలు, మందుల డబ్బా, కళ్ళజోడు. ప్రయాణం మాత్రం ఆమెది కాదు, తోటికోడలిది. నూలుమిల్లు నూరేళ్ళ చరిత్ర పుస్తకం కోసం పాత కార్మికుల మాటలు రికార్డు చేస్తున్నారు. రెండు రోజులు మిల్లు అతిథి గృహంలోనే బస.

"సినిమాతారగారికి అద్దం కూడా పెట్టమంటారా?"

"చాల్లే, ఆ దువ్వెన సంచిలో పడెయ్యవే."

చిన్నామె మంచి దువ్వెన దాచి, పళ్ళూడినది పెట్టింది.

ఇద్దరూ ఆ మిల్లులో ఒకే వరుసలో ఇరవై ఆరేళ్ళు కండెలకు నూలు చుట్టినవారే. పిలుపు ఒక్కరికే వచ్చింది. అయితే ఈ అసూయ నేటిది కాదు. షిఫ్టు ముగిశాక పెద్దామె భర్త సైకిలు గంట వాకిట్లో మోగినప్పుడల్లా చిన్నామె గిన్నెలను ఇంకాస్త గట్టిగా తోమేది. చిన్నామె భర్త ఆ మిల్లు బాయిలరు గదిలోనే పోయాడు. 'పని మాని ఎటో వెళ్ళిపోయాడు' అని మిల్లువారు రాసుకున్నారు. చదివేవారు ఆమెను తప్పుపట్టవద్దు.

"అక్కా, ఆయన సంగతి చెప్తావుగా?"

"చెప్పకుండా వస్తానా?"

మూడోనాడు పెద్దామె కారులో దిగింది. వెంట వచ్చిన అమ్మాయి మిల్లు పాత మేనేజరు మనవరాలు. ఈ పుస్తకం రాస్తున్నది ఆమే. నెమ్మదైన పిల్ల. ఇంట్లోవాళ్ళు సంతోషిస్తారని రికార్డు వినిపించింది.

"ప్రమాదాలేమైనా జరిగేవా?"

"అలాంటివేం లేవండి. అంతా బాగుండేదండి."

చిన్నామె భగ్గుమంది. "కారెక్కగానే కళ్ళు నెత్తికెక్కాయా? నీ మొగుడు రోజూ ఇంటికొచ్చాడు. నీకంతా బాగానే ఉంటుంది!"

పెద్దామె ముఖం పాలిపోయింది. "చెప్పాలనే వెళ్ళానే. ఆ మేనేజరు గదిలోనే కూర్చోబెట్టారు. గోడమీద ఆయన ఫోటో. ఎదురుగా ఆయన మనవరాలు. నోరు దానంతటదే అలా పలికింది."

చిన్నామె ఇంకోసారి పెట్టమంది. యంత్రాల రొదలో అరిచి అరిచి ఇద్దరివీ పెద్ద గొంతులు. ఇందులో వినబడుతున్నది పిల్లి గొంతు. ఆ గొంతు చిన్నామెకు తెలుసు.

"ఇది తనిఖీ రోజు గొంతు," అంది. "ఏడాదికోసారి తనిఖీకి సర్కారు అధికారి వచ్చేవాడమ్మా. మమ్మల్ని ఆ గదిలోకే పిలిచేవారు. మీ తాతగారు పక్కనే నిలబడేవారు. ఏమడిగినా 'అంతా బాగుందండి' అనాలి. లేకపోతే మర్నాడు పనుండదు."

ఆ అమ్మాయి రికార్డరు ఆపేసింది.

"తప్పు ఆవిడది కాదమ్మా, నాది. అడిగేది ఎవరు, ఎక్కడ కూర్చోబెట్టి అడుగుతున్నారు అన్నదాన్నిబట్టే జవాబు వస్తుంది. భయపడ్డ చోటే కూర్చోబెట్టి, భయపెట్టినవాళ్ళ మనుషులే అడిగితే, రాసుకున్నది చరిత్ర కాదు. మీరే అడగండి. నేను వీధి చివర ఉంటాను."

రికార్డరును వంటింటి గట్టుమీద పెట్టి వెళ్ళిపోయింది.

చిన్నామె పీట వాల్చింది. అసూయ పూర్తిగా పోయిందని చెప్పలేము, కానీ గొంతు తగ్గింది. "చెప్పక్కా. ఆ రోజు ఏమైంది?"

ఈసారి పెద్దామె గొంతు వీధి దాకా వినబడింది.

"బాయిలరులో ఆవిరి కారుతోందని మూడుసార్లు చెప్పాం. మిషను ఆపలేదు. నా మరిది లోపలికెళ్ళాడు. నలభై ఒక్క ఏళ్ళయింది. జూన్ పద్నాలుగు, పొద్దున పదిగంటలు. మళ్ళీ రాలేదు."