మోరీ నీళ్ళకి లేని గండం

"ఆ మంచం కింద ఇంకా ఉన్నాయి చూడు బిందూ, అక్కడ వదిలేసావ్" అన్నారు మా అత్తగారు శేషారత్నం గారు, సోఫా మీద కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుని.

ఉన్నవి ఉత్త నీళ్ళు కావు. మన్సూరాబాద్‌లో మా వీధి మొత్తం బాత్రూముల్లోంచి బయటికి పోయినదంతా ఒక్క వానకి వెనక్కి తిరిగి మా హాల్లోకొచ్చింది. చీపురుతో తోసి, చాటతో ఎత్తి, బకెట్లో పోసి, గుమ్మం అవతల పారబోస్తున్నాను. పారబోసింది మళ్ళీ లోపలికొస్తోంది. జుట్టు ఉండలు, చచ్చిన బొద్దింకలు, ఎవరో వాడి పారేసిన ప్యాడ్. ఛీ. మా ఆయన పట్టాభి మేడ మెట్ల మీద, పొడి మెట్టు చూసుకుని నిలబడి, కాలనీ గ్రూపులో పెట్టడానికి వీడియో తీస్తున్నాడు. "చూడండి సార్, మా పరిస్థితి ఎలా ఉందో" అంటున్నాడు. ఆ వీడియోలో ఒంగుని ఉన్న నా వీపు తప్ప వేరే మనిషి లేడు.

"వాకిట్లో నీళ్ళు సంపు గట్టు అంచుదాకా వచ్చేశాయి, మూత కదులుతోందే. మోరీ నీళ్ళు అందులోకి పోతే నెల్లాళ్ళు తాగడానికుండవు. వెళ్ళి మీద రాయి పెట్టిరా" అన్నారు అత్తగారు.

వాకిట్లో తొడలదాకా ఉన్నాయి నీళ్ళు. నల్లగా, మధ్యలో బుడగలు వస్తూ. ఏ మాటకామాటే, నాకు ఒళ్ళు మండింది. "నాకు జలగండం కదా అత్తయ్యా, మీ అబ్బాయిని వెళ్ళమనండి" అన్నాను.

ఆవిడ నవ్వారు. నిజంగానే, పళ్ళు కనపడేలా నవ్వారు. "ఇంకా అదే పట్టుకు కూర్చున్నావా తల్లీ? రామస్వామి సిద్ధాంతి గారికి ఏం తెలుసు పాపం, వీడు చెప్పమంటే చెప్పాడాయన. మన బాపిరాజు నిన్ను వైజాగ్ బీచిలో చూశాట్ట, తడిబట్టలతో చెక్క మీద నిలబడి, చుట్టూ మగపిల్లలూ. వీడికి నువ్వు నచ్చావు గానీ ఆ వేషం నచ్చలేదు. వద్దంటే గొడవ, జాతకంలో ఉందంటే పిల్లే మానేస్తుంది కదా అని నేనే అన్నాను. హాయిగా మానేశావు కూడాను."

పప్పులో చింతపండు ఎప్పుడెయ్యాలో చెప్పినంత తేలిగ్గా చెప్పారు. చేతిలో చాట అలాగే ఉండిపోయింది. "మరి జ్యోతికకి?" అన్నాను. జ్యోతిక మా అమ్మాయి, ఏడో తరగతి. వాళ్ళ స్కూల్లో ఈ ఏడు ఈత నేర్పుతున్నారు. చేరతానని పిల్ల గెంతుతుంటే, "అమ్మకున్నట్టే దీనికీ జలగండం ఉందిట, రామస్వామి గారు చెప్పారు" అని పట్టాభి తేల్చేశాడు. పిల్ల రెండ్రోజులు అన్నం తినలేదు. నేనే బుజ్జగించి తినిపించాను.

"దానికీ అంతేగా మరి. పెద్దమనిషైన పిల్ల, ఆ ఈత బట్టలేంటి? నువ్వు ముందు రాయి పెట్టిరావే, మూత లేచిపోతోంది."

వెళ్ళి రాయి పెట్టాను. తొడలదాకా దిగి, మోకాలికి ఏం తగులుతోందో చూడకుండా, ముక్కుతో కాక నోటితో గాలి పీల్చుకుంటూ పెట్టాను. నా గండం సంగతి మెట్ల మీదున్న మనిషికీ గుర్తు రాలేదు, సోఫా మీదున్న మనిషికీ గుర్తు రాలేదు.

పెళ్ళయ్యాక నేను నోరెత్తని సంగతి ఒకటుంది. సముద్రం మీద పలక ఎక్కి నిలబడడం నాకు చదువు కంటే ముందొచ్చింది. లాసన్స్ బే పక్కనే మా ఇల్లు. జాలరిపేట మౌనికా, నేనూ ఒకే బెంచీ. ఎవరో తెల్లవాడు వాళ్ళ నాన్నకి వదిలేసి వెళ్ళిన సర్ఫింగ్ బోర్డు మీద వంతులేసుకుని పడుకుని, చేతులతో నీళ్ళు లాగి, కెరటం పొట్ట కింద లేచినప్పుడు ఒక్క ఊపున లేచి నిలబడేవాళ్ళం. మా అమ్మ నా ఎండిన జుట్టు చూసి తలకొట్టుకునేది. కాలేజీ అయ్యేదాకా నేను ఆదివారం పొద్దున ఇంట్లో ఉన్నది లేదు. ఆ తర్వాత పెళ్ళిచూపులు, ఆ వెంటనే జలగండం. నీళ్ళలో దిగితే ప్రాణగండమట, పసుపుకుంకాలకి కూడా దెబ్బట. కాలేజీలో ఉండగా కొనుక్కున్న నా పలకని మా నాన్న తీసి ఎవరికో ఇచ్చేశాడు. నేను ఏడ్చాను, కానీ నమ్మాను. చదువుకున్నదాన్నే, ఫిజిక్స్ చెప్పుకుని బతికేదాన్నే, అయినా పసుపుకుంకాలనేసరికి నా నోరు పడిపోయింది.

మర్నాడు పొద్దున ఫినాయిల్ కంపు మధ్య టీ గ్లాసు అందిస్తూ పట్టాభిని అడిగాను. దాచలేదు. దాచాల్సిన విషయంలా కూడా అనిపించలేదు అతనికి. "అప్పుడేదో, పెళ్ళికి ముందు మాట. నీ మంచికే కదా. అప్పటికే ఎండకి ఎంత నల్లబడిపోయావో నీ పెళ్ళి ఫోటోలు చూసుకో" అన్నాడు. పుక్కిలించి సింకులో ఉమ్మి, ఓ గుక్క తాగి, "టీలో పంచదార తగ్గింది" అన్నాడు.

కోపమొస్తుందనుకున్నాను. రాలేదు. అసహ్యం వేసింది. పదిహేనేళ్ళుగా ఈ మనిషి నలుగురిలో "మా ఆవిడకి జలగండమండీ, పాపం" అని జాలిగొంతుతో అంటుంటే, నా మీద ఎంత శ్రద్ధో అనుకుని మురిసిన రోజులున్నాయి నాకు. ఆ గొంతు గుర్తొస్తే ఒంటి మీద బల్లి పాకినట్టైంది. ఆ పూట అతను తిన్న కంచం ఎత్తలేకపోయాను. అలాగే వదిలేసి దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళిపోయాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్లో మగాళ్ళంతా "సర్లు", వాళ్ళ ఫోటోలు మెట్రో స్తంభాల మీదుంటాయి. నేను "బిందు మేడమ్", నాకు తొమ్మిదో తరగతి పిల్లలూ, స్టాఫ్ రూమ్ టీ పంపకమూ. "మీ చేత్తో ఇస్తే టీకి రుచి మేడమ్" అని మా హెడ్డు రోజూ అదే జోకేస్తాడు, రోజూ వాడే నవ్వుతాడు. ఆ రోజు ఫ్లాస్కు ముట్టుకోలేదు. రిసెప్షన్‌లో సంతోషి పక్కన కూలబడ్డాను. సంతోషిది నల్గొండ దగ్గర ఊరు, నాకంటే చిన్నది, నోరు మాత్రం పెద్దది.

"ఏందక్కా, గట్ల కూసున్నవ్? ఇంట్ల నీళ్ళొచ్చినయా?"

అంతా చెప్పాను. ఆపకుండా, ప్యాడ్‌తో సహా. అది నోరు తెరుచుకుని విని, "థూ, ఏం మనుషులక్కా వీళ్ళు! సముద్రంల దిగితె గండం, మోరీల దిగితె లేదా? మోరీ నీళ్ళు నీళ్ళు గావా?" అంది. నాకు నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడుపొచ్చింది. "నువ్వు ఒక్కపారన్న పొయ్యి ఆ నీళ్ళల్ల దుంకు. లేకుంటె రేపు నీ బిడ్డ గూడ గిట్లనే ఎవని ఇంట్లనో మోరీ ఎత్తిపోస్తది" అంది. ఆ మాట దగ్గర నవ్వూ ఆగింది, ఏడుపూ ఆగింది.

కార్తీకమాసంలో వైజాగ్‌లో బాపిరాజు గృహప్రవేశం. అవును, ఆ బాపిరాజే, మా ఆయన పెదనాన్న కొడుకు. అందరం వెళ్ళాం. బట్టలు సర్దుతున్నప్పుడే మౌనికకి ఫోన్ చేశాను. అదిప్పుడు ఋషికొండ దగ్గర చిన్న పాకేసుకుని టూరిస్టులకి సర్ఫింగ్ నేర్పుతోంది. ఫోన్లో నా సంగతంతా విని, "వచ్చీయే. ఇంకేటి మాట్లాడకు, వచ్చీయ్" అంది.

గృహప్రవేశం మర్నాడు పొద్దున్నే, బంధువులంతా ఋషికొండ బీచికి బయలుదేరారు. మా వాళ్ళ బీచికో పద్ధతుంది. మగాళ్ళు ప్యాంట్లు మడుచుకుని నీళ్ళలోకి పోతారు, పిల్లలు వాళ్ళ వెనకాల పోతారు. ఆడవాళ్ళలో ఒకరు చెప్పులకీ, ఫోన్లకీ, వాచీలకీ కాపలా. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఒకరు నేనే. పట్టాభి అలవాటు ప్రకారం కారు తాళం, పర్సు, అద్దాలు నా ఒళ్ళో పడేసి, "మా ఆవిడకి జలగండం, ఒడ్డునే ఉంటుంది" అని బాపిరాజుతో అన్నాడు. బాపిరాజు ఇసకలోకి చూస్తూ సకిలించాడు. వాడికి తెలుసు. ఇన్నేళ్ళుగా వాడికి తెలుసు. ఇద్దరూ నా ముందే ఆ మాట చెప్పుకుని నవ్వుకుంటున్నారు. 

ఒళ్ళో ఉన్నవన్నీ ఇసకలో పెట్టి లేచాను. "ఎక్కడికే?" అన్నారు అత్తగారు. "ఇప్పుడే వస్తా" అన్నాను.

బీచి చివర పాక దగ్గర మౌనిక నన్ను కౌగిలించుకోలేదు. పైనుంచి కిందకి చూసింది. "ఏటే, ఇలగైపోనావు? ఆ భుజాలేవి?" అంటూ పొడుగు చేతుల బిగుతు చొక్కా ఒకటి విసిరింది. అది నాకు పొట్ట దగ్గర పట్టలేదు, లాగి లాగి ఎక్కించాను. నేనూ మౌనిక వాడేలాంటి సన్న పలక తీసుకోబోతే లాక్కుని, కొత్తవాళ్ళకిచ్చే మెత్తటి పెద్ద పలక చేతికిచ్చింది. "పొగరు తరవాత. ముందు దీని మీద నిలబడు."

నిలబడలేదు. అబద్ధం చెప్పడం దేనికి, పలక మీద పడుకుని పది బారలు వేసేసరికి భుజాలు పట్టేశాయి. మొదటి కెరటం నన్ను పలక మీంచి తోసి, ముక్కులో, నోట్లో, చెవుల్లో ఉప్పునీళ్ళు పోసి ఇసకలో ఈడ్చింది. రెండోదానికి లేవబోయి మోకాళ్ళ మీదే ఉండిపోయాను. అవి ఇన్నేళ్ళుగా నేల మీద తడిబట్ట వేసిన మోకాళ్ళు, వాటికి ఆ భంగిమే వచ్చు. నా ఒంటి మీద నాకే రోత పుట్టింది. ఈ బరువు, ఈ ఆయాసం ఎవరివి, ఎప్పుడొచ్చి నాలో కాపురం పెట్టాయి అనిపించింది. పలక మీద బోర్లా పడి దగ్గుతూ ఏడ్చాను. మౌనిక పక్కనే తేలుతూ, "ఏడుపయిందా? అదుగో, పెద్దదొస్తంది" అంది.

వెనక్కి చూశాను. నున్నగా, నిబ్బరంగా వస్తోంది. లాగాను. భుజాలు వద్దంటున్నా లాగాను. పలక తోక లేచింది. ఛాతీ పక్కన చేతులు ఆనించి, ఏమీ ఆలోచించకుండా, కాళ్ళు కిందకి తెచ్చుకున్నాను. నిలబడ్డాను! వంకరగా, చేతులు బార్లా చాపుకుని, నడుం ఒంగిపోయి, కానీ నిలబడ్డాను. ఎంతసేపో తెలీదు, ఒడ్డు నా వైపు పరిగెత్తుకుంటూ వస్తున్నంతసేపు. "ఓలమ్మో!" అని అరిచింది నేనే.

ఒడ్డున పట్టాభి కూడా అరుస్తున్నాడు. మోకాలి లోతులో నిలబడి, అంతకంటే ఒక్క అడుగు ముందుకి రాకుండా, చెయ్యి ఊపుతూ అరుస్తున్నాడు. ఇన్నిసార్లు బీచికొచ్చినా అతను ఎప్పుడూ ఆ లోతు దాటలేదని అప్పుడు తట్టింది నాకు. ఈత రాదు. సముద్రమంటే భయం. తను రాలేని చోటికి పెళ్ళాం పోకుండా సిద్ధాంతిగారిని కాపలా పెట్టాడు. జాలి పడదామని చూశాను. రాలేదు.

పలక చంకలో పెట్టుకుని బయటికొచ్చాను. "బుద్ధుందా నీకు? అందరి ముందూ ఆ బట్టలేంటి? ఆ అరుపులేంటి?" అంటున్నాడు పళ్ళ మధ్యనుంచి. అత్తగారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. బాపిరాజు వేరే వైపు చూస్తున్నాడు. వాళ్ళందరి వెనకాల, నేను లేచి వెళ్ళిన చోట, జ్యోతిక కూర్చునుంది. దాని చుట్టూ చెప్పుల జతలు. ఒళ్ళో వాళ్ళ నాన్న పర్సు, కారు తాళం, అద్దాలు. ఎవరు కూర్చోబెట్టారో అడగలేదు. అడగక్కర్లేదు, ఆ చోటు ఖాళీగా ఉండకూడదు మా ఇంట్లో. పిల్ల నా వైపే చూస్తోంది, కళ్ళు ఇంతింత చేసుకుని.

వెళ్ళి దాని ఒళ్ళోవన్నీ తీసి వాళ్ళ నాన్న చేతిలో పెట్టాను. దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నా కాలికున్న పలక తాడు విప్పి, దాని చీలమండకి కట్టడం మొదలెట్టాను.  "అమ్మా, నాకు గండం ఉందన్నారు కదా" అంది చిన్నగా.

"అదే నేనూ చెప్తున్నా! దానికి జలగండం ఉందని చెప్పానా లేదా నీకు?" అని అరిచాడు పట్టాభి, అందరూ వినేలా.

ముడి బిగించి, పిల్ల చెయ్యి పట్టుకుని లేచాను.

"గండం ఉన్నవాళ్ళే కదండీ ముందు ఈత నేర్చుకోవాల్సింది" అని, దాన్ని తీసుకుని నీళ్ళలోకి నడిచాను.